ఫ్లెక్సీ మీద మొహం

ఉదయ్ కిరణ్‌కి గడ్డం కింద ఇంకో గడ్డం ఉంది. ఆ సంగతి యూనివర్సిటీలో అందరికీ తెలుసు. ఫ్లెక్సీ మీద చూసినవాళ్ళకి మాత్రం తెలియదు. ఎందుకంటే ఫ్లెక్సీ దాకా వెళ్ళేలోపు ఆ రెండో గడ్డాన్ని వీరదుర్గ తీసేస్తుంది.

బందరు యూనివర్సిటీలో 'తోడు' అని విద్యార్థులు నడుపుకునే ఒక క్లబ్బు. రక్తదానాలు, పాత పుస్తకాల పంపకాలు, వరదలొస్తే బియ్యం మూటలు మొయ్యడాలు వాళ్ళ పని. ఉదయ్ కిరణ్ దానికి ప్రెసిడెంటు. గుడివాడ కుర్రాడు, మంచివాడే, కాకపోతే ఫోటోల పిచ్చి. ఎమ్మెస్సీ చదువుతున్న వీరదుర్గ ఆ క్లబ్బుకి డిజైనరు. డిజైనరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు! సాయంత్రం క్లాసులయ్యాక కంప్యూటర్ ల్యాబ్ మూలన కూర్చుని, అందరి మొహాలూ గుండ్రంగా కత్తిరించి, వరసగా అతికించి, కింద పేర్లు రాయడం. మధ్యలో ఒక్కొక్కళ్ళే వచ్చి కుర్చీ వెనకాల నిలబడి "దుర్గా, నన్ను కొంచెం ఫెయిర్ చెయ్యవా" అని గొణగడం. చేస్తుంది. మొటిమలు తీస్తుంది, కళ్ళకింద నలుపు తీస్తుంది, బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపిస్తుంది. దేవుడు చేసి వదిలేసిన పనిని ఆ పిల్ల రోజూ పూర్తి చేస్తూ ఉంటుంది.

ఈ విద్య ఆమెకి కోనేరు సెంటర్ దగ్గర మోషే గారి ఫ్లెక్సీ షాపులో అబ్బింది. డిగ్రీ చదివే రోజుల్లో వేసవి సెలవులన్నీ అక్కడే గడిచాయి. మోషే గారు మొదటిరోజే చెప్పాడు. "మొహం కటింగ్‌లో చెవి ఎగిరిపోయినా ఊరుకుంటారమ్మాయ్. పక్కనోడి మొహం తన మొహం కంటే పెద్దదైతే మాత్రం షాపు ముందుకొచ్చి కూర్చుంటారు. ఎవరు ఎవరికి పెద్దో ముందు అడిగి తెలుసుకో, ఆ తర్వాతే మౌస్ పట్టుకో." అప్పట్నుంచి దుర్గకి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఫ్లెక్సీ మీద మొహాలంటే ఒట్టి సోకు, అంతకుమించి ఏమీ లేదు. మనుషులకి మొహం వాచిపోయి అక్కడ వేయించుకుంటారు, అంతే.

తన మొహం మాత్రం ఎక్కడా ఉండదు. గ్రూప్ ఫోటో అనగానే "నేను తీస్తాను, మీరు నిలబడండి" అని ఫోన్ లాక్కుంటుంది. ఎందుకో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. దుర్గకి బొల్లి. పదో తరగతిలో పెదవి చివర మినపగింజంత తెల్లమచ్చగా మొదలైంది. ఇంటర్‌కొచ్చేసరికి గడ్డం మీదకి దిగింది. ఇప్పుడు ఎడమకన్ను చుట్టూ కూడా పాకింది. అది అంటుకునేది కాదు, నొప్పి పెట్టేది కాదు. ఆ మాట డాక్టర్ చెప్పాడు. ఊళ్ళో పిల్లలకి చెప్పేవాళ్ళెవరు? 'మచ్చల దుర్గ' అని పేరు పెట్టేశారు. ఆ పేరు తప్పించుకోడానికే ఆమె హాస్టల్లో చేరి చదువుకుందంటే అబద్ధం కాదు.

వాళ్ళ ఊరు కృత్తివెన్ను దాటాక, రొయ్యల చెరువుల మధ్యనుంచి సముద్రం వైపు పోయే రోడ్డు చివర ఉంటుంది. వేటకెళ్ళే ఇళ్ళే అన్నీ. నాన్న పోయాక తల్లి మాణిక్యం ఎండుచేపల గంప నెత్తినెత్తుకుని గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ఇంటిని నడిపింది. కూతురి మచ్చ కోసం ఆవిడ పడని పాటు లేదు. ఎవరేం చెబితే అది చేసింది. బందరు డాక్టర్ మందులు వాడించింది, ఆకు పసర్లు పూసింది, ఊరి అమ్మవారికి మొక్కుకుంది.

రెండేళ్ళ కిందట దసరా సెలవులకి దుర్గ ఇంటికొచ్చింది. మాణిక్యం కూతురి గడ్డం పట్టుకుని లైటు కిందకి తిప్పి, కాసేపు చూసి, ఒక్కసారిగా కావలించుకుంది.

"తగ్గిందే! ఇప్పుడు కనపడటంలేదే దుర్గా! నా తల్లి నా మొర ఆలకించిందే!"

దుర్గ నోరు తెరిచింది. సరిగ్గా ఆ నెలలోనే మచ్చ కంటి దగ్గరకి చేరింది మరి! అమ్మ తనని ఓదార్చడానికి అలా అంటోందేమో అనుకుంది మొదట. అన్నాలప్పుడు చూస్తే, మాణిక్యం చేపముక్కలో ముల్లు కోసం వేళ్ళతో తడుముతోంది. పక్కనే ఉన్న ఉప్పుగిన్నె కనపడక చెయ్యి అటూ ఇటూ ఆడిస్తోంది. అప్పుడర్థమైంది దుర్గకి. తగ్గింది మచ్చ కాదు, అమ్మ చూపు. చెప్పాలి, వెంటనే చెప్పాలి అనుకుంది. కానీ ఎన్నో ఏళ్ళ తర్వాత అమ్మ మొహంలో అంత వెలుగు. ఆ వారమే కోడిని కోసి మొక్కు తీర్చేసింది కూడాను. అదంతా చూశాక దుర్గకి నోరు రాలేదు. "అవునమ్మా" అంది. అంతే. ఆ తర్వాత ఇంటికెళ్ళినప్పుడల్లా లైటుకి ఎడంగా కూర్చోవడం అలవాటు చేసుకుంది.

ఊరంతా ఆ మచ్చని చూస్తూనే ఉంది. మాణిక్యం మాత్రం "మా దుర్గకి పోయిందిగా" అని అందరితో చెప్పుకుంటూ తిరిగింది. ఎవరూ కాదనలేదు.

ఇలా ఎన్నాళ్ళు సాగుతుంది? ఈ ఏడాది మాణిక్యం చెరువు గట్టు మీద కాలు జారి పడింది. గంపలో పుచ్చిన చేపలు కలిసిపోతున్నాయని గుడివాడలో కొనేవాళ్ళు మొహం మాడ్చుకుంటున్నారు. కళ్ళు చూపించుకోమంటే ఒంటికాలి మీద లేచేది. అప్పుడు దుర్గే క్లబ్బులో ప్రస్తావన తెచ్చింది, మా ఊళ్ళో కంటి క్యాంపు పెడదామని. గుడివాడ అవతలి ఒక కంటి ఆసుపత్రి వాళ్ళు డాక్టర్లని పంపుతామన్నారు, శుక్లాలుంటే బస్సులో తీసుకెళ్ళి ఉచితంగా ఆపరేషన్ చేస్తామన్నారు. దుర్గ సంతోషంగానే పనిలో దిగింది. అమ్మకి చూపొస్తే తరవాత ఏమౌతుందన్న ఆలోచన రాకపోలేదు. వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకి తోసేసింది.

ఆ క్యాంపు ఫ్లెక్సీని మాత్రం తనకి నచ్చినట్టు చేసుకుంది. ఒక్కటంటే ఒక్క మొహం లేదు. లేత నీలం మీద పెద్ద కన్ను, ఆ కంటిపాపలో చిన్న పడవ, కింద రెండు వరసల అక్షరాలు. ఉదయ్ కిరణ్ మొహం మాడిపోయింది.

"మనవెవరం లేమేంటి దుర్గా?"

"కంటి క్యాంపులో మన మొహాలెందుకు? కన్ను చాలదూ?" అంది ఆమె.

క్లబ్బుని చూసుకునే కోఆర్డినేటర్ సార్ చూసి, ఇన్నాళ్ళకి మన క్లబ్బుకి ఒక ప్రొఫెషనల్ పోస్టర్ వచ్చిందన్నారు. దుర్గ ఆ రోజంతా గాల్లో తేలింది.

క్యాంపు రోజు షామియానా వేశారు, కుర్చీలు వేశారు, డాక్టర్లు పరికరాలు సర్దుకుని కూర్చున్నారు. ఊళ్ళోంచి ఒక్క మనిషి రాలేదు. పిల్లలు కుర్చీల చుట్టూ పరుగులు పెట్టారు, ఒక మేక వచ్చి ఫ్లెక్సీ అంచు నమిలింది. కనీసం మాణిక్యం కూడా రాలేదు. తెల్లారగానే గంపెత్తుకుని గుడివాడ పోయింది. దుర్గకి తల కొట్టేసినట్టయింది. ఆసుపత్రి వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఇంకొక్కసారి వస్తాం, అప్పుడూ ఇలాగే అయితే ఇటువైపు రావడం మాకు కుదరదు అని.

సాయంత్రం తల్లి గంప దించీ దించకముందే దుర్గ విరుచుకుపడింది.

"కన్నకూతురు పెట్టించిన క్యాంపుకి నువ్వే రాకపోతే ఎలాగమ్మా? నా పరువేం కావాలి?"

"నువ్వు పెట్టించావని ఎవరికి తెలుసే? ఫ్లెక్సీ చెప్పిందా?" అంది మాణిక్యం. "బడికెళ్ళే పిల్లోడు రాము చేత చదివించాం. కన్నుందంట, పడవుందంట. మనిషెవరూ లేరంట. మనిషి లేని ఫ్లెక్సీని నమ్మి కన్నివ్వమంటావా?"

"కంటికీ మనిషి మొహానికీ సంబంధమేంటి?"

"కోటమ్మనడుగు సంబంధమేంటో."

కోటమ్మ పక్కింటావిడ. దుర్గకి అత్త వరస. కొన్నేళ్ళ కిందట ఎక్కడివాళ్ళో ఊరికొచ్చి కళ్ళ ఆపరేషన్లని తీసుకెళ్ళారు. కోటమ్మ కుడికన్ను చీముపట్టి పోయింది. అడుగుదామంటే వచ్చినవాళ్ళు పత్తా లేరు. వాళ్ళ ఫ్లెక్సీ మీద ఒక తెల్లటి పిల్ల నవ్వుతూ ఉండేది. ఆ పిల్లది ఏ దేశమో ఎవరికి తెలుసు, ఎక్కడికెళ్ళి నిలదీస్తారు?

"పెళ్ళికేస్తారు, చావుకేస్తారు, అంతమంది మొహాలెందుకేస్తారనుకుంటున్నావు?" అంది మాణిక్యం, కాళ్ళు కడుక్కుంటూ. "రేపేదన్నా తేడా వస్తే ఎవర్ని పట్టుకోవాలో తెలియడానికి. మొహం ఏసుకున్నోడు తప్పించుకుపోలేడు."

అందులో సోకు కూడా ఉందిలెండి, మాణిక్యం అది ఒప్పుకోదుగానీ. అయినా ఈ లెక్క దుర్గకి కొత్త. ఇన్ని మొహాలు అతికించింది, ఒక్కసారీ ఇలా అనుకోలేదు. చివరికి ఉదయ్ మొహం వేయిస్తానంది.

"ఆ గుడివాడ అబ్బాయా? కన్నుపోతే గుడివాడెల్లి ఏ వీధిలో వెతకమంటావే? మనూరోళ్ళు ఉండాలి."

తల్లీకూతుళ్ళు ఊరి పెద్ద సాంబశివరావు దగ్గరకెళ్ళారు. ఆ ఊళ్ళో కట్టిన ప్రతి ఫ్లెక్సీ మీదా ఆయన చేతులు జోడించి నిలబడే ఉంటాడు. దుర్గ మాట పూర్తికాకముందే "ఏసెయ్యమ్మా, దానికడగాలా" అన్నాడు. కంటి క్యాంపు కోసమని తెలియగానే ఆయన జోరు తగ్గింది. కాసేపు కండువా సర్దుకున్నాడు.

"కోటమ్మని అప్పుడు ఎల్లమని చెప్పింది నేనే తల్లీ. ఇప్పటికీ ఆవిడ ఎదురైతే నేను తల తిప్పుకుంటాను. మళ్ళీ ఆ బరువు నా వల్ల కాదు. నన్నొదిలెయ్. అయినా నీ క్యాంపు, నీ ఊరు. నీ మొహమే ఏసుకోరాదూ?"

ఆ మాటకి మాణిక్యం చప్పట్లు కొట్టినంత పని చేసింది. "అదీ మాట! మచ్చ కూడా పోయిందాయె!"

సాంబశివరావు దుర్గ వైపు చూసి, చూపు దించుకున్నాడు. మొహం వేసుకుంటే ఊరు మొత్తం ఆగి చూస్తుంది. ఎవరి కన్నైనా పాడైతే నేరుగా ఇంటికే వస్తుంది. అమ్మ కన్నే పాడైతే? వేసుకోకపోతే మాత్రం అమ్మ చీకట్లోనే ఉండిపోతుంది. చీకట్లో ఉన్నన్నాళ్ళూ సంతోషంగా ఉంటుంది, అది వేరే సంగతి. దారంతా అదే గోల దుర్గ తలలో.

మర్నాడు ఆమె ఫోన్ ఉదయ్ చేతికిచ్చి గోడ ముందు నిలబడింది. అతను ఇదివరకెప్పుడూ ఆమెని ఫోటో తీసి ఎరగడు. "నవ్వు దుర్గా" అన్నాడు బిడియంగా. ఆమె నవ్వలేకపోయింది.

ఫోటో తెర మీదకి రాగానే చెయ్యి దానంతటదే బ్రష్ అందుకుంది. అలవాటు! కంటి చుట్టూ రుద్దింది, పెదవి చివర రుద్దింది, గడ్డం మీద రుద్దింది. కాసేపటికి తెర మీద ఒక చామనచాయ పిల్ల మిగిలింది, ఎక్కడా మచ్చ లేకుండా. పదో తరగతి తర్వాత దుర్గ ఆ పిల్లని మళ్ళీ చూడలేదు. చాలాసేపు చూసింది. ఏడుపొచ్చింది. ఎంత బాగుందనుకుంది! ఆ పిల్లనే ఫ్లెక్సీ మీద పెట్టి, ముందుగా కోటమ్మకి చూపిద్దామని ఆదివారం ఊరెళ్ళింది. కోటమ్మ వస్తే ఊరంతా వస్తుంది.

కోటమ్మ ఫోన్‌ని బాగున్న కంటి దగ్గరకి తెచ్చుకుని చూసింది.

"ఈ డాక్టరమ్మ ఎవరే?"

దుర్గ తెర మీద మొహాన్ని వేలితో ఇంకాస్త పెద్దది చేసింది.

"కిందటిసారి కూడా ఇట్టాంటి నున్నటి పిల్లే ఉండేది ఫ్లెక్సీ మీద. నాకొద్దమ్మా" అని కోటమ్మ ఫోన్ తిరిగిచ్చేసింది.

పక్కనే కూర్చున్న మాణిక్యం ఫోన్ లాక్కుని మొహానికి ఆనించుకుంది. ఏం కనపడి ఉంటుంది పాపం, ఒక మసక తప్ప! "నీ మొహం! మా దుర్గేనే! మచ్చ పోయింది కదా, అందుకని గుర్తుపట్టలేకపోయావు" అని నవ్వింది.

కోటమ్మ ఉన్న ఒక్క కన్నుతో దుర్గ మొహం చూసింది, తర్వాత మాణిక్యం మొహం చూసింది. ఏదో అనబోయింది. దుర్గ వద్దన్నట్టు తల ఆడించింది. కోటమ్మ నోరు మూసుకుంది. ఆ ఊళ్ళో గయ్యాళి అని పేరున్న మనిషి, ఎవరి గుట్టూ కడుపులో దాచుకోని మనిషి, నోరు మూసుకుంది.

దుర్గ సిగ్గుతో చచ్చిపోయింది. తనని చిన్నప్పట్నుంచీ ఎత్తుకు తిరిగిన కోటమ్మ అత్తే పోల్చుకోలేకపోతే, ఇక ఆ మొహం ఎవరికి హామీ? ఆ మోసగాళ్ళ ఫ్లెక్సీకీ దీనికీ తేడా ఏముంది? బందరు తిరిగొచ్చి, రుద్దినదంతా వెనక్కి తీసేసింది. మచ్చలన్నీ ఎక్కడివక్కడ తిరిగొచ్చాయి. కింద పెద్ద అక్షరాలతో 'మాణిక్యం కూతురు వీరదుర్గ' అని, దాని కింద 'ఏదైనా అడగాలంటే మా ఇంటికి రండి' అని రాసింది. క్లబ్బు వాళ్ళ మొహాలు అడుగున చిన్న చిన్న గుండ్రాల్లో పెట్టింది. ఆ హడావిడిలో ఉదయ్ రెండో గడ్డం తీయడం మరిచిపోయింది. అతను చూసి, తన గడ్డం ఒకసారి తడుముకున్నాడు, అంతే.

మోషే గారు మిషన్ ఆన్ చెయ్యబోయి ఆగాడు.

"ఫేస్ క్లీన్ చెయ్యడం మర్చిపోయావా అమ్మాయ్?"

"లేదండీ. అలాగే వెయ్యండి."

ఆయన మిషన్ ఆన్ చేశాడు. ఫ్లెక్సీ బయటికొచ్చాక తనే గుడ్డ పెట్టి తుడిచి, జాగ్రత్తగా చుట్టి ఇచ్చాడు.

ఊరి మొదట్లో దాన్ని కడుతుంటే జనం మూగారు. పిల్లలు నవ్వారు. ఒకడు "ఒరేయ్, మచ్చల దుర్గ" అన్నాడు కూడా. ఎవరో వాడి నెత్తిన మొట్టారు. దుర్గ అక్కడే, తన మొహం కిందే, నిచ్చెన పట్టుకుని నిలబడింది.

రెండో క్యాంపుకి అందరికంటే ముందు కోటమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఉన్న ఒక్క కన్నూ చూడమను. తేడా వచ్చిందో, నీ ఇంటికొచ్చి నీ జుట్టు పట్టుకుంటా."

"రా అత్తా. నేనెక్కడికీ పోను" అంది దుర్గ.

కోటమ్మ వెనక సాంబశివరావు వచ్చాడు, ఆయన వెనక మిగతా ఊరు. మాణిక్యానికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయన్నారు. ముందు ఒక కంటికి చేస్తామని చెప్పి, బస్సెక్కించి గుడివాడ వైపు తీసుకెళ్ళారు.

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున నర్సు కట్టు విప్పుతోందని తెలియగానే దుర్గ వరండాలో ఆగిపోయింది. బ్యాగులో పౌడర్ డబ్బా ఉంది. బాత్‌రూమ్ పక్కనే ఉంది. కొద్దిగా పూసుకుంటే ఈ ఒక్కరోజుకైనా గడిచిపోతుంది. డబ్బా మీద చెయ్యి వేసింది. ఫ్లెక్సీ మీద ఊరందరికీ చూపించిన మొహాన్ని కన్నతల్లికి చూపించడానికి ఇంత భయమా అని తనమీద తనకే కోపమొచ్చింది. డబ్బా వదిలేసి లోపలికి నడిచింది.

మాణిక్యం మంచం మీద కూర్చుని ఉంది. గోడ చూసింది, ఫ్యాన్ చూసింది, నర్సు చీర అంచు చూసి మురిసిపోయింది. తర్వాత కూతుర్ని చూసింది. మొహంలో నవ్వు ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. దగ్గరకి రమ్మని చెయ్యి చాపింది. దుర్గ వెళ్ళి ఎదురుగా కూర్చుంది, ఈసారి వెలుతురు వైపు.

"తగ్గలేదా?"

"లేదమ్మా."

"కంటిదాకా వచ్చిందే." వేలితో ఆ మచ్చ అంచు వెంబడి నెమ్మదిగా రాసింది. "నేను మొక్కు కూడా తీర్చేశానే!"

దుర్గకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మాణిక్యం పెదవులు వణికాయి. నర్సు అక్కణ్ణుంచే కేకేసింది. "ఏడవకూడదమ్మా! కంట్లో నీళ్ళు రాకూడదు!"

మాణిక్యం పళ్ళ బిగువున ఆపుకుంది. ఆ ఆపుకోవడంలో మెడ నరాలు పొంగాయి.

"ఫ్లెక్సీ మీద ఇట్టాగే ఏశావా?"

"ఇలాగే వేశాను."

"కోటమ్మకి తెలుసా?"

"అందరికంటే ముందు అత్తకే తెలుసు."

"అది నోరెట్టా మూసుకుందే?" అని ఆశ్చర్యపోయింది మాణిక్యం. మళ్ళీ కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుంది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఇంకో కంటి వైపు తిప్పితే అక్కడ ఇంకా మసకే.

"ఎల్లి ఆ డాక్టరు గారిని అడుగు, ఈ రెండో కన్ను ఎప్పుడు చేస్తారో" అంది. "నిన్ను సగం సగం చూస్తే నాకు చాలదు."

దుర్గ లేచి అడగడానికి వెళ్ళింది.